తేడా తొమ్మిది మంది

షెఫీల్డులో బస్సు నడుపుతాను.
రూటు పొడవునా ఏ మరుగుదొడ్డి ఎన్నింటికి తెరుస్తారో,
ఏ పబ్బువాడు ఏమీ కొనకపోయినా లోపలికి చెయ్యి చూపిస్తాడో,
ఏ పెట్రోలు బంకులో "స్టాఫుకే" అంటారో
ఆ పటం కంపెనీ అచ్చు వెయ్యలేదు.
నేనే గీసుకున్నాను, నాలుగేళ్ళు,
స్టీరింగు మీద చెమటతో.

కడుపులో చల్ల కదలకుండా బతకమని
అమ్మమ్మ దీవెన.
కదిలింది నెత్తురు,
రోజుకి పదకొండు సార్లు.

మొదట ఇటుకరంగు మాత్రలు.
పెద్దపేగు దాకా నోరు మూసుకుని పోయి
అక్కడ విచ్చుకునేవి.
పది నెలలు చెప్పినట్టు విన్నాయి.

తర్వాత స్టెరాయిడ్లు. వాటికి తొందరెక్కువ.
వారంలో నెత్తురు ఆపాయి,
ముఖాన్ని గుమ్మడికాయ చేశాయి,
తెల్లవారుజామున మూడింటికి లేపి
వంటింటి అరలన్నీ కడిగించాయి.
డోసు కాస్త తగ్గిస్తే చాలు
అప్పులవాడిలా జబ్బు మళ్ళీ గుమ్మంలో.

ఆ తర్వాతది, పేరు నోరు తిరగనిది,
నా కాలేయానికి గిట్టలేదు.

కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు.
నర్సు బ్రోనా ముందు చించుకున్నాను.
ఆమె ఇరవై రెండు పేజీల కాగితం తెచ్చింది.

రెండు మందులు, రెండూ పనిచేసేవే.
ఏది మేలో తేల్చడానికే ఈ పరీక్ష.
ఒకటి నరంలోకి చుక్క చుక్కగా,
ఒకటి పొట్టమీద సూదితో.
మీకు రెండూ ఇస్తాం,
ఒకదాంట్లో మందు, ఒకదాంట్లో ఉత్త ఉప్పునీళ్ళు.
ఏది ఏదో మీకు తెలీదు, నాకూ తెలీదు.
"మరెవరికి తెలుసు?"
"కంప్యూటరుకి" అంది,
పైవాడికి అన్నంత మామూలుగా.

పక్క కుర్చీలో మిస్టర్ ఓలరెన్‌షా.
కత్తులకి సాన పట్టి పట్టి
బొటనవేళ్ళు అరిగిపోయిన మనిషి.
నన్ను "బాతూ" అని పిలిచేవాడు,
ఆ తరం వాళ్ళకి అది ముద్దుమాట.
"నీ డ్రిప్పులో మందా, నీళ్ళా?"
నీళ్ళే అన్నాను. మందన్నాడు.
పందెం ఒక అల్లం బిస్కట్టు.
ఏ పుట్టలో ఏ పాముందో అన్నాను,
అర్థం చెప్పమన్నాడు.
విని, చాలాసేపు డ్రిప్పు చుక్కల్ని చూసి,
"పుట్టలం మనమే కదా బాతూ" అన్నాడు.

చలికాలం దాటింది.
పదకొండు ఆరయ్యాయి, ఆరు రెండయ్యాయి.
ఒక శనివారం డిపోలో బస్సు ఆపి దిగుతుంటే తట్టింది,
ఆ పూటంతా పటం గుర్తే రాలేదని.

అదే వారం ఆయన కుర్చీలో
ఎవరో కాలేజీ కుర్రాడు.
ఓలరెన్‌షాకి పెద్దపేగు మొత్తం తీసేశారట.

ఫలితాలు మరుసటేడు వచ్చాయి.
డ్రిప్పు గెలిచింది.
సూదితో కంటే నూటికి తొమ్మిది మంది ఎక్కువ తేరుకున్నారు.
తొమ్మిది మందంటే నాకు తెలుసు.
పొద్దున ఆరింటి బస్సులో నా వెనక కూర్చునేవాళ్ళు,
ఆస్పత్రి ఊడ్చేవాళ్ళు, రొట్టెల ఫ్యాక్టరీవాళ్ళు,
కిటికీకి తల ఆన్చి నిద్రపోయే ఆ పొడుగు పిల్ల.
చిన్న తేడా అని ఎవరైనా అంటే
వాళ్ళని దింపేసి చూపించాలనిపిస్తుంది.

నాకు పడింది సూదిమందు. ఓడినది.
ఆయనకి పడింది డ్రిప్పు.
లెక్క సరైనదే అని బ్రోనా రెండుసార్లు చెప్పింది,
రెండోసారి నా మణికట్టు పట్టుకుని.

నవంబరు వానలో ఆయన బస్సెక్కాడు.
కోటు కింద సంచి.
దానికి తన పాత ఫోర్‌మన్ పేరు పెట్టాడట,
"వాడూ ఇంతే, మీటింగుల్లోనే చప్పుడు చేసేవాడు."
పాసు చూపించి
టిష్యూలో చుట్టినదేదో నా అద్దం కింద పెట్టాడు.
ఒక మూల విరిగిన అల్లం బిస్కట్టు.

వెనకనుంచి ఎవరో ఆలస్యమవుతోందన్నారు.
ఆయన కూర్చునేదాకా ఆగి
గేరు మార్చాను,
ముందంతా ఎత్తు.